ఆట పుస్తకమునకు తాళమెందుకు?

పాత దేవాలయముల మండపములలో రాతి గచ్చుమీద పులి-మేక పటములు గీయబడి ఉండుట పలువురు చూచియే ఉందురు. ఆ పటమును చెక్కినవారి పేరు ఎవరికిని తెలియదు. నియమములను మొదట కల్పించినది ఎవరో కూడ తెలియదు. పెద్దలు ఆడుచుండగా పిల్లలు చూచి నేర్చుకొందురు; తమ ఊరికి తగినట్లు పులుల సంఖ్యనో మేకల సంఖ్యనో మార్చుకొందురు. అష్టాచెమ్మా, వామనగుంటలు కూడ ఇట్లే తరతరములుగా వచ్చినవి. వైకుంఠపాళి సముద్రమునే దాటినది. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగములో అది ఇంగ్లండు చేరి, గడులలోని పుణ్యపాపముల పేర్లు మార్చుకొని, 'స్నేక్స్ అండ్ లాడర్స్' అయినది. ఈ ఆటలు ఇంత దూరము ప్రయాణము చేయగలుగుటకు కారణమేమనగా, వాటిని నేర్చుకొనుటకు గాని మార్చుటకు గాని ఎవరి అనుమతియు కోరవలసిన పని లేకపోవుటయే.

గత యాభై సంవత్సరములలో మరియొక విధమైన ఆట ప్రపంచమంతట వ్యాపించినది. దానికి పటము ప్రధానము కాదు, పుస్తకము ప్రధానము. ఆ పుస్తకము ఇపుడు ఎక్కువగా కంప్యూటరు తెరపై చదువదగిన ఇ-పుస్తకముగా అమ్ముడగుచున్నది. అందుచేత పులి-మేక ఆడువారికి ఎన్నడును ఎదురుకాని ఒక ప్రశ్న ఈ ఆటగాండ్రకు ఎదురగుచున్నది. కొన్న పుస్తకముతో ఏమి చేయవచ్చును? ఏమి చేయరాదు?

బల్లచుట్టు నాటకము

ఈ ఆటను ఇంగ్లీషులో 'రోల్ ప్లేయింగ్ గేమ్' అందురు. పాత్రధారణపు ఆట అని చెప్పుకొనవచ్చును. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. అందులో ఒకరు సూత్రధారి. మిగిలినవారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు. "మీరు నదీ తీరమునకు చేరినారు. వంతెన కూలిపోయినది. ఏమి చేయుదురు?" అని సూత్రధారి అడుగును. ఒకరు ఈదుదుననును, మరియొకరు తెప్ప కట్టుదుననును. ఆ పని నెరవేరినదా లేదా అన్నది పాచికలు తేల్చును.

ఇట్టి ఆటలలో మొదట అచ్చయినది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు అమెరికనులు దీనిని రచించిరి. 1974లో అది వెలువడినది. మామూలు ఆరు ముఖముల పాచికయే గాక 4, 8, 12, 20 ముఖముల పాచికలు కూడ ఇందులో వాడుదురు. రేఖాగణితములో చదువు ఐదు క్రమ ఘనరూపములు ఇవియే.

గణితము నేర్చు విద్యార్థులకు ఈ పాచికలు మంచి అభ్యాసము. నదిని ఈదుటకు 20 ముఖముల పాచికపై 15 గాని అంతకు మించి గాని పడవలె ననుకొందము. 15 మొదలు 20 వరకు ఆరు సంఖ్యలు కలవు. కావున గెలుపు సంభావ్యత 6/20, అనగా నూటికి 30. పాత్రకు ఈత బాగుగా వచ్చునని పడిన సంఖ్యకు 3 కలిపినచో, పాచికపై 12 పడినను చాలును. అపుడు సంభావ్యత 9/20, అనగా నూటికి 45. ఇట్టి లెక్కలు, పాత్రల వర్ణనలు, ఊహాలోకపు చరిత్ర, చిత్రములు, పటములు కలసి ఈ ఆట పుస్తకము వందల పుటలకు పెరుగును. పులి-మేక నియమములు నోటిమాటగా అందును గాని ఇన్ని నియమములు నోటికి రావు. పుస్తకము లేనిదే ఆట లేదు. కనుక పుస్తకమునకు వేసిన తాళము ఆటకే తాళమగును.

కాగితము, తెర

కాగితపు పుస్తకమును కొన్నవారు ఆ ప్రతికి యజమానులు. దానిని మిత్రునికి ఎరువీయవచ్చును, పాఠశాలకు దానమీయవచ్చును, పాత పుస్తకముల అంగడిలో అమ్ముకొనవచ్చును. ఇందుకు ప్రచురణకర్తను అడుగనక్కరలేదు. పుస్తకములోని రచనపై హక్కు రచయితదే అయినను, చేతిలోని ప్రతి కొన్నవారిది.

ఇ-పుస్తకము విషయము వేరు. దానిని ఎరువిచ్చుట యనగా మరియొక ప్రతిని తయారుచేయుటయే. ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు పంపినపుడు అసలు ప్రతి తరిగిపోదు, రెండవది పుట్టును. ప్రతులు తీయుటకు ఖర్చు దాదాపు లేదు. ఒక్కరు కొని వేయిమందికి పంచినచో రచయితకు, చిత్రకారునికి ఒక్క పుస్తకపు వెల మాత్రమే ముట్టును. ప్రచురణకర్తల భయము నిరాధారము కాదు. అందుచేత చాలమంది వ్యాపారులు ఇ-పుస్తకమును అమ్మునపుడు వస్తువును అమ్మరు. చదువుకొనుటకు షరతులతో కూడిన అనుమతిని మాత్రమే అమ్ముదురు. ఆ అనుమతియే లైసెన్సు. షరతులను మీరకుండ యంత్రమే కాపలా కాయునట్లు చేయు ఏర్పాటును 'డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్' అందురు. సులభముగా తాళము అని పిలువవచ్చును.

చోడవరములో ఒక ఉన్నత పాఠశాల ఉన్నదనుకొందము. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, అప్పటినుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఊరది. అక్కడి ఉపాధ్యాయుడొకరు సంభావ్యతా పాఠమునకు, తెలుగు సంభాషణాభ్యాసమునకు ఉపకరించునని ఇట్టి ఆట పుస్తకమును కొనదలచిరి. తరగతిలో 30 మంది. ఐదుగురు చొప్పున ఆరు బృందములు. ప్రతి విద్యార్థికి పాత్ర వివరములు వ్రాసుకొను పుట ఒకటి కావలెను. ప్రతి బృందమునకు నియమముల సంగ్రహము కావలెను. ఇంగ్లీషు నియమములు తెలుగులోనికి రావలెను. తాళము వేసిన పుస్తకమైనచో పుటలు అచ్చు తీయుటకు వీలుండకపోవచ్చును. ఒక్క కంప్యూటరునందు తప్ప అది తెరువబడకపోవచ్చును. తెలుగు చేయుటకు మాటలను ఎత్తి వ్రాసుకొననీయకపోవచ్చును. ఉపాధ్యాయుడు సొమ్ము చెల్లించియు తరగతికి ఆట నందీయలేకపోవును.

తాళము పనిచేయు విధము

కంప్యూటరు ప్రతి అక్షరమును 0, 1 అను రెండంకెల వరుసగా భద్రపరచును. ఒక వరుస 1011 అనుకొందము. దీనిని మరుగుపరచుటకు 0110 అను తాళపుచెవిని తీసికొందము. రెండు వరుసలను ఒకదాని క్రింద మరియొకటి వ్రాసి, అంకెలు ఒకటే అయినచోట 0, వేరైనచోట 1 వ్రాయవలెను. 1101 వచ్చును. ఇది చదువరికి అర్థము కాదు. ఇదే తాళపుచెవితో అదే పనిని మరల చేసినచో 1011 తిరిగి వచ్చును. విద్యార్థులు దీనిని నల్లబల్లపై చేసి చూడవచ్చును.

నిజమైన తాళములలో ఈ క్రియతోపాటు అంకెలను తారుమారు చేయు అనేక క్రియలు వరుసగా జరుగును. తాళపుచెవి సామాన్యముగా 128 అంకెలకు తక్కువ ఉండదు. అట్టి తాళపుచెవులు ఎన్ని సాధ్యమో లెక్కించినచో 2ను 128 సార్లు గుణించిన ఫలితము, 39 అంకెల సంఖ్య, వచ్చును. సెకనుకు లక్ష కోట్ల తాళపుచెవులను పరీక్షించు యంత్రమున్నను, అన్నిటిని పరీక్షించుటకు పట్టు కాలము విశ్వము వయస్సునకు 70 కోట్ల రెట్లు మించును. విశ్వము వయస్సు 1380 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞుల లెక్క.

ఇంత గట్టి తాళమైనను పుస్తకము విషయములో ఒక చిక్కు కలదు. రహస్యలేఖలో పంపువారు, అందుకొనువారు ఒక పక్షము. దారిలో దొంగిలించువారు మరియొక పక్షము. తాళపుచెవి దొంగకు అందదు. ఇ-పుస్తకములో చదువరియే అందుకొనువాడు, చదువరియే అనుమానితుడు. అతడు చదువవలెనన్నచో తాళపుచెవి ఏదో ఒక రూపములో అతని యంత్రములోనికి రాక తప్పదు. ఇంటిలోనే పెట్టె, ఇంటిలోనే తాళపుచెవి. ఎక్కడ దాచినారో చెప్పకపోవుట మాత్రమే రక్షణ. నేర్పరులు దానిని వెదకి పట్టుకొందురు. నేర్పులేని మామూలు చదువరికే తాళము అడ్డమగును.

మరియొక చిక్కు ఏమనగా, తాళపుచెవి నిచ్చు కంప్యూటరు అమ్మకపుదారుని వద్ద ఉండును. అతడు దుకాణము మూసినచో తాళపుచెవి రాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2019 ఏప్రిల్‌లో తన ఇ-పుస్తకముల అంగడిని మూసివేయుచున్నట్లు ప్రకటించినది. అదే సంవత్సరము జూలైలో అక్కడ కొన్న పుస్తకములు తెరుచుకొనుట మానినవి. సంస్థ వెల తిరిగి ఇచ్చినది గాని పుస్తకములు పోయినవి. 2009 జూలైలో అమెజాన్ సంస్థ తన కిండిల్ పరికరములలో పాఠకులు కొనుక్కొనిన జార్జి ఆర్వెల్ నవలలను దూరమునుండియే తొలగించినది. అమ్మినవారికి ఆ దేశములో హక్కు లేకపోవుట కారణమని చెప్పి వెల తిరిగి ఇచ్చినది. తరువాత క్షమాపణ చెప్పినది. అంగడివాడు పాఠకుని ఇంటిలోనికి వచ్చి కాగితపు పుస్తకమును పట్టుకొనిపోవుట ఎవరును ఊహింపరు.

నీటిగుర్తు

పాత్రధారణపు ఆటల ఇ-పుస్తకముల వ్యాపారములో ఈ చిక్కు త్వరలోనే తెలిసివచ్చినది. 'డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీ' అను అంగడి 2004లో ప్రారంభమైనపుడు తాళము వేసిన పి.డి.ఎఫ్. పుస్తకములను అమ్మెను. ఆటగాండ్రు ఫిర్యాదు చేసిరి. ఆట మధ్యలో పుట తెరుచుకొనకపోవుట ఎవరికి ఇష్టము? కొలది కాలములోనే ఆ అంగడి తాళమును విడిచి నీటిగుర్తు పద్ధతికి మారినది. నీటిగుర్తు అనగా ప్రతి పుట అడుగున కొన్నవారి పేరును, కొనుగోలు సంఖ్యను ముద్రించుట. కరెన్సీ నోటుపై నీటిగుర్తు నోటు వాడకమును ఆపదు, దొంగనోటును పట్టించును. అట్లే ఇదియు చదువుటను ఆపదు. అక్రమముగా పంచినచో ఎవరి ప్రతి నుండి వచ్చినదో చూపును. తాళము కొన్నవారినందరిని అనుమానించును. నీటిగుర్తు కొన్నవారిని నమ్మి, నమ్మకమును వమ్ము చేసినవారిని మాత్రమే వెదకును.

ఈ తేడా 2009 ఏప్రిల్‌లో బాగుగా కనిపించినది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు అప్పటి హక్కుదారయిన 'విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్' సంస్థ, అక్రమ ప్రతుల కారణము చూపి, తన పి.డి.ఎఫ్. పుస్తకముల అమ్మకమును ఒక్కసారిగా ఆపివేసినది. 2013 జనవరి వరకు అవి తిరిగి రాలేదు. అయినను అంతకు ముందు తాళము లేని ప్రతులను కొని తమ కంప్యూటరులో భద్రపరచుకొన్నవారు ఆ నాలుగేండ్లును వాటిని చదువుకొనుచునే ఉండిరి.

చట్టము చెప్పునది

తాళము యంత్రమునకు సంబంధించినది. హక్కు చట్టమునకు సంబంధించినది. ఈ రెండింటిని కలిపి చూడరాదు. తాళము లేనంత మాత్రమున పుస్తకము అందరి సొత్తు కాదు. తాళమున్నంత మాత్రమున అందులోని ప్రతి విషయము ప్రచురణకర్త సొత్తును కాదు.

మన దేశములో 1957 నాటి కాపీరైటు చట్టము అమలులో ఉన్నది. రచయిత జీవితకాలమును, మరణించిన మరుసటి సంవత్సరారంభము నుండి 60 సంవత్సరములును రచనపై హక్కు నిలుచును. అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరములో పుట్టిన గురజాడ అప్పారావు 1915లో మరణించెను. ఆయన జీవితకాలములో ప్రచురితమైన రచనలు నేడు అందరి సొత్తు. విశాఖపట్నములో పుట్టిన శ్రీశ్రీ 1983లో మరణించెను. ఆయన కవితలపై హక్కు 2043 చివరి వరకు ఉండును.

చట్టము కాపాడునది రచననే గాని భావమును కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1879లో బేకర్, సెల్డెన్‌ల వ్యాజ్యములో, ఒక జమాఖర్చుల పద్ధతిని వివరించు పుస్తకముపై హక్కు ఉండవచ్చును గాని ఆ పద్ధతిపై ఉండదని తీర్పు చెప్పినది. మన సుప్రీంకోర్టు కూడ 1978లో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యములో, భావములకు ఇతివృత్తములకు కాపీరైటు లేదని, వాటిని వ్యక్తము చేసిన తీరునకే కలదని స్పష్టపరచినది. ఇది ఆటలకును వర్తించును. 20 ముఖముల పాచికపై 15 పడినచో గెలుపు అను నియమము ఎవరి సొత్తును కాదు. ఆ నియమమును వివరించిన వాక్యములు, బొమ్మలు, కథలోని పాత్రలు రచయిత సొత్తు. అయితే నియమమెక్కడ ముగియునో వర్ణన ఎక్కడ మొదలగునో గీత గీయుట కష్టము. చిన్న ప్రచురణకర్త ఆ గీత కొరకు కోర్టుకెక్కజాలడు.

2012లో మన చట్టమునకు 65-ఎ అను విభాగము చేర్చబడినది. రచయిత హక్కును భంగపరచు ఉద్దేశముతో తాళమును పగులగొట్టుట దీని ప్రకారము నేరము. రెండేండ్ల వరకు కారాగారమును, జుల్మానాయు విధింపవచ్చును. ఉద్దేశము అను మాట ఇందులో ముఖ్యము. చట్టము నిషేధింపని పనికొరకు చేసినదానిని ఈ విభాగము మినహాయించినది. అదే సంవత్సరపు సవరణ వికలాంగులకు అందుబాటులో ఉండు రూపములోనికి పుస్తకములను మార్చుటకును అవకాశము కల్పించినది. చూపులేని విద్యార్థికి పుస్తకమును కంప్యూటరు పైకి చదివి వినిపించును. తాళము కొన్ని సమయములలో ఆ గొంతును కూడ మూయును. అందుచేత ఈ అవకాశము చిన్నది కాదు. ఇట్టి పుస్తకములకై ఏర్పడిన మరకేష్ అంతర్జాతీయ ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందు ఆమోదించినది భారతదేశమే.

పాఠశాలలకు మరియొక వెసులుబాటు కలదు. బోధన సందర్భములో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని రచనను ప్రతి తీసినచో హక్కుభంగము కాదని 52వ విభాగము చెప్పును. ఢిల్లీ విశ్వవిద్యాలయములో పాఠ్యాంశముల జిరాక్సు ప్రతులపై వచ్చిన వ్యాజ్యములో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ విభాగమును ఆధారము చేసికొని తీర్పునిచ్చినది. కాని ఈ వెసులుబాటు తరగతి బోధనకే. ఉపాధ్యాయుడు చేసిన తెలుగు అనువాదమును అచ్చువేసి ఇతర ఊళ్లకు పంపవలెనన్నచో హక్కుదారుని అనుమతి కావలసినదే.

తెరచిన లైసెన్సు

ప్రతివారు ఉత్తరము వ్రాసి అనుమతి కోరుటకంటె, రచయితయే ముందుగా అందరికి అనుమతి వ్రాసి పెట్టినచో ఎట్లుండును? ఈ ఆలోచననుండి పుట్టినదే తెరచిన లైసెన్సు. రచయిత హక్కును వదలుకొనడు. హక్కుదారుగానే ఉండి, ఈ షరతులు పాటించువారెవరైనను వాడుకొనవచ్చునని ప్రకటించును.

ఆటల లోకములో ఈ ప్రయోగము 2000లో జరిగినది. విజార్డ్స్ సంస్థ తన ఆటలోని మూల నియమములను ఒక పత్రముగా కూర్చి 'ఓపెన్ గేమ్ లైసెన్సు' క్రింద విడుదల చేసినది. నియమములను ఎవరైనను వాడుకొని, మార్చి, అమ్ముకొనవచ్చును. ఊహాలోకపు పేర్లు, ప్రత్యేక పాత్రలు మాత్రము సంస్థవే. ఇందువలన సంస్థకు నష్టము రాదని దాని అంచనా. ఇతరులు చిన్న చిన్న కథాపుస్తకములు వ్రాసినచో మూల పుస్తకమునకే గిరాకి పెరుగును. వందలకొలది రచయితలు ఈ అనుమతిని నమ్మి పుస్తకములు వ్రాసిరి. 2009లో పైజో అను సంస్థ పాత నియమములను మెరుగుపరచి 'పాత్‌ఫైండర్' అను సొంత ఆటనే వెలువరించినది.

ఇరువది మూడు సంవత్సరముల తరువాత ఆ లైసెన్సు పునాది కదలినది. 2023 జనవరి మొదటి వారములో కొత్త లైసెన్సు చిత్తుప్రతి బయటపడినది. పాత లైసెన్సు ఇక చెల్లదని అందులో ఉన్నది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లకు మించి రాబడి వచ్చు ప్రచురణకర్తలు వాటా చెల్లింపవలెనని కూడ ఉన్నది. పాత లైసెన్సు 'శాశ్వతము' అని వ్రాయబడినదే! అయినను 'తిరిగి తీసికొనరానిది' అను మాట అందులో లేదు. పైగా 'అధికృతమైన కూర్పు'ను వాడుకొనవచ్చునని వ్రాసియున్నది. అధికారమును ఇచ్చిన సంస్థ దానిని ఉపసంహరింపవచ్చునా అన్న వాదమునకు ఆ ఒక్క పదము తావిచ్చినది. గడువు లేకుండ ఇచ్చిన అనుమతి వేరు, ఇచ్చినవారే రద్దు చేయలేని అనుమతి వేరు. ఈ భేదము ఎందరి జీవనోపాధికో ముప్పయినది.

ఆటగాండ్రు, రచయితలు తీవ్రముగా నిరసించిరి. సంస్థ అభిప్రాయ సేకరణ జరిపినది. 15,000 మందికి పైగా సమాధానమిచ్చిరి; పాత లైసెన్సు రద్దును నూటికి 89 మంది వ్యతిరేకించిరి. 2023 జనవరి 27న సంస్థ వెనుకకు తగ్గినది. పాత లైసెన్సును ముట్టుకొనక, దాదాపు 400 పుటల మూల నియమముల పత్రమును 'క్రియేటివ్ కామన్స్' లైసెన్సు క్రింద విడుదల చేసినది. ఆ లైసెన్సు పాఠము సంస్థ చేతిలోనిది కాదు. 2001లో ఏర్పడిన వేరొక సంస్థది. ఒకసారి ఇచ్చినచో దానిని తిరిగి తీసికొనరాదని అందులో స్పష్టముగా కలదు. పైజో మొదలగు సంస్థలును ఆ సంవత్సరమే 'ఆర్క్' అను మరియొక లైసెన్సును ఏర్పరచుకొన్నవి. చోడవరపు ఉపాధ్యాయుడు ఆ 400 పుటలను తెలుగు చేసి, మూలమును పేర్కొని, అచ్చువేసి అమ్ముకొన్నను నేడు తప్పు కాదు.

నాలుగు గుర్తులు

క్రియేటివ్ కామన్స్ లైసెన్సులలో నాలుగు షరతులు కలవు. రచయిత పేరు చెప్పవలెననునది 'బీ వై'. మార్చినదానిని కూడ అదే లైసెన్సుతో విడువవలెననునది 'ఎస్ ఏ'. వ్యాపారమునకు వాడరాదనునది 'ఎన్ సీ'. మార్చినదానిని పంచరాదనునది 'ఎన్ డీ'. వీటిని కలిపి లైసెన్సును ఎన్నుకొందురు. చివరి షరతు ఉన్నచో తెలుగు అనువాదమును ప్రచురించుటకు వీలు లేదు. అనువాదము కూడ మార్పే కదా. 2013లో వెలువడిన నాలుగవ కూర్పులో తాళము సంగతి కూడ కలదు. ఈ లైసెన్సుతో పొందిన రచనకు తాళము వేసి తరువాతివారి హక్కును అడ్డగించుట నిషిద్ధము. యంత్రమునకు, చట్టమునకు సంబంధించిన రెండు మార్గములు ఇచ్చట కలసినవి.

ఇట్లు తెరచి ఇచ్చినచో రచయిత బ్రతుకుట ఎట్లు అని అడుగవచ్చును. 2009లో వెలువడిన 'ఎక్లిప్స్ ఫేజ్' అను ఆట పుస్తకమును దాని రచయితలు వ్యాపారేతర వాడుకకు తెరచి ఉంచి, అదే పుస్తకమును అమ్మిరి కూడ. తెరచిన లైసెన్సు ఉచితముగా ఇమ్మని ఎవరిని శాసింపదు. అయితే ప్రతి రచయితకును ఈ దారి సరిపడునని చెప్పుటకు లేదు. ఎన్నుకొను హక్కు రచయితదే; ఎన్నుకొన్నదానిని స్పష్టముగా వ్రాయుట అతని బాధ్యత.

తెలుగులో ఆట

తెలుగునకు ఈ దారి కొత్తది కాదు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా వ్యాసములు తెరచిన లైసెన్సుతోనే ఉన్నవి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న ప్రారంభించిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు 'బీ వై' లైసెన్సుతో లభించును. వాటిలో తెలుగు కథలును కలవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారముతో సిలికానాంధ్ర వెలువరించిన మండలి, గురజాడ, గిడుగు, సూరన్న, తిమ్మన మొదలగు అక్షరరూపములు కూడ తెరచిన లైసెన్సుతోనే ఉన్నవి. వాటిని ఇ-పుస్తకములో పొదిగి ఎవరికైనను పంపవచ్చును. నియమములు, కథలు, అక్షరములు మూడును సిద్ధముగా ఉన్నవన్నమాట.

చోడవరపు విద్యార్థులు తమ సొంత ఆటను వ్రాయదలచిరనుకొందము. కథ శారదానది ఒడ్డున నడుచును. అనకాపల్లి బెల్లపు బజారునుండి బయలుదేరిన ఐదుగురు బాటసారులు బొజ్జన్నకొండ బౌద్ధ గుహలకు చేరవలెను. నది, బజారు, కొండ, వాటి చరిత్ర ఎవరి సొత్తును కావు. చరిత్రకారుడొకరు వ్రాసిన వాక్యములను మాత్రము ఎత్తి వ్రాసికొనరాదు; చదివి, సొంత మాటలలో వ్రాయవలెను. బొమ్మలను విద్యార్థులే గీసినచో వాటిపై హక్కు వారిదే. ఎక్కడినుండియో తెచ్చిన బొమ్మ చేరినచో దాని లైసెన్సు వేరుగా చూడవలెను. 18 సంవత్సరములు నిండని వారి రచనలను ప్రకటించుటకు తల్లిదండ్రుల అంగీకారమును వ్రాతమూలకముగా తీసికొనుట మంచిది.

పుస్తకము పూర్తియైన పిమ్మట మొదటి పుటలో రచయితల పేర్లు, సంవత్సరము, లైసెన్సు పేరు, కూర్పు సంఖ్య వ్రాయవలెను. ఆధారముగా తీసికొన్న పత్రమును పేర్కొనవలెను. ఏ భాగము తెరచినదో, ఏ భాగము కాదో విడదీసి చెప్పవలెను. ఈ నాలుగైదు పంక్తులు లేకున్న పుస్తకము ఎంత ఉచితముగా దొరికినను చట్టము దృష్టిలో మూసినదే. మౌనము అనుమతి కాదు.

కొనువారు గమనింపవలసినవి కూడ కొలదియే. ఈ పుస్తకము అంగడి మూసిన తరువాతను తెరుచుకొనునా? అచ్చు తీయవచ్చునా? చూపులేని విద్యార్థికి కంప్యూటరు దీనిని చదివి వినిపించునా? లైసెన్సు ఉన్నచో, ఇచ్చినవారు తిరిగి తీసికొనగలరా? ఈ ప్రశ్నలకు సమాధానము సొమ్ము చెల్లించుటకు ముందే చూచుకొనవలెను. సమాధానము దొరకని పుస్తకము కంటె వెల కొంచెమెక్కువైనను కాగితపు ప్రతియే పాఠశాల గ్రంథాలయమునకు మేలు. దానికి తాళపుచెవి గ్రంథాలయపు బీరువాదే. అది ఊరిలోనే ఉండును.